ఇంటి లెక్క, కొట్టు లెక్క విడదీసిన ఏడాది

పుస్తకాల్లో 31 లక్షల లాభం చూపిస్తున్న కొట్టు నిజానికి నష్టంలో నడుస్తోందని మా ఇంట్లో చెప్పడానికి నాకు ఐదు నెలలు పట్టింది. లెక్క తేల్చడానికి ఆరు వారాలే. మిగతా కాలమంతా ఎలా చెప్పాలి, ముందు ఎవరికి చెప్పాలి, చెప్పాక వచ్చే పండక్కి అందరం ఒకే పంక్తిలో కూర్చుంటామా లేదా అన్న టెన్షన్‌తోనే పోయింది. ఇంటివాళ్లతో కలిసి వ్యాపారం చేసేవాళ్లకి ఈ టెన్షన్ ఏమిటో తెలుసు. మాలాంటి కొట్లు చాలా ఉన్నాయి, మేం పడ్డది వాళ్లకి పనికొస్తుందేమోనని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది చెన్నైలో పారిస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధి. కాగితం, నోటుపుస్తకాలు, పెళ్లి కార్డులు, అన్నీ హోల్‌సేల్. మా తాతగారు 1958లో కావలి నుంచి రైలెక్కి మద్రాసు వచ్చి, ఒక కాగితాల కొట్టులో గుమాస్తాగా చేరి, 1964లో సొంత కొట్టు పెట్టారు. ఆయనకి ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. కొడుకులు ముగ్గురూ కొట్టులోకే వచ్చారు. పెదనాన్న గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు. కొనుగోళ్లు మా నాన్నవి, కరూరు, ఈరోడ్ వైపు మిల్లుల కాగితం, శివకాశి నుంచి కార్డులూ నోటుపుస్తకాలూ. వసూళ్లు బాబాయివి. వేలూరు, చిత్తూరు, తిరుపతి, నెల్లూరు దాకా అరువు మీద సరుకు వెళ్తుంది, ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవడం ఆయన పని.

కాపురాలు మూడు, గల్లా ఒకటి. ఎవరికి ఎంత కావాలంటే అంత తీసుకుని చీటీ మీద ‘ఇంటి ఖర్చు’ అని రాసేవాళ్లు. పిల్లల ఫీజులు, పెళ్లిళ్లు, ఆస్పత్రులు, తిరుమల ప్రయాణాలు అన్నీ ఆ ఒక్క పద్దులోకే. తాతగారు ఉన్నంతకాలం సాయంత్రం ఆయన ఆ చీటీలు తిరగేసేవారు, ఆ భయం కొంత ఉండేది. 2009లో ఆయన పోయారు. ఆ తర్వాత ఎవరూ ఎవర్నీ అడగలేదు, అడగకపోవడమే మర్యాద అనుకున్నాం.

నేను రెండో ఆయన కూతుర్ని. బీకాం చేసి పాత మహాబలిపురం రోడ్డు, అంటే ఓఎంఆర్‌లో ఒక కంపెనీ అకౌంట్స్‌లో ఏడేళ్లు పనిచేశాను. పెళ్లయింది, పెరంబూరులో ఉంటాం. 2020లో కొట్టుకి వచ్చాను. వ్యాపారం మీద ఇష్టంతో వచ్చానని చెప్పలేను, అప్పుడు మనుషులు కావలసి వచ్చి వచ్చాను.

ఆ లాక్‌డౌన్ గురించి కొంచెం రాయాలి, ఎందుకంటే కుటుంబం వ్యాపారానికి భారం అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఆ రోజులు గుర్తొస్తాయి. మార్చి 25న మూసేసేనాటికి గోడౌన్‌లో స్కూళ్ల సీజన్ కోసం తెప్పించిన నోటుపుస్తకాలు కిందనుంచి పైదాకా ఉన్నాయి. మాకు ఏప్రిల్, మే, జూన్ మూడు నెలల అమ్మకమే ఏడాదికి ఊపిరి. ఆ ఏడాది స్కూళ్లే తెరవలేదు. పెళ్లిళ్లు ఇంట్లోనే యాభై మందితో చేసుకుంటుంటే కార్డులు ఎవరికి కావాలి? కాస్త తెరిచాం అనుకునేలోపు జూన్ 19 నుంచి 30 దాకా చెన్నైలో మళ్లీ పూర్తిగా మూత. తొమ్మిది మంది పనివాళ్లకి సగం జీతమైనా ఇవ్వాలని ముగ్గురన్నదమ్ములూ అనుకున్నారు. పెద్దమ్మ గాజులు, మా అమ్మ గొలుసు, పిన్ని హారం బ్యాంకులో తాకట్టుకి వెళ్లాయి. ఎవరూ ఎవరినీ అడిగింది లేదు, ఒక రోజు పొద్దున పెద్దమ్మే జేబురుమాల్లో కట్టి తెచ్చి గల్లా మీద పెట్టింది. ఆరు నెలలు మూడిళ్లలో ఎవరూ కొట్టు నుంచి పెద్దగా తీసుకోలేదు. శివకాశిలో సరుకు ఇచ్చేవాళ్లు ‘మీ నాన్నగారి మాట మీద ఇస్తున్నాం’ అని పాత బాకీ ఉండగానే మళ్లీ సరుకు పంపారు. ఒక్కడే యజమాని ఉన్న కొట్టయితే, పరాయివాళ్ల పెట్టుబడితో నడిచే కొట్టయితే, ఆ ఏడాది నిలబడేది కాదు. ఇది నా నమ్మకం కాదు, ఆ నెలల్లో బ్యాంకు ఖాతా నేనే చూసేదాన్ని.

సరే, నిలబడ్డాం. 2022 మేలో, జరిగిపోయిన ఏడాది లెక్కలు సీఏకి ఇస్తుంటే నాకు ఒక ఆలోచన వచ్చింది. ఈ కొట్టు మనది కాకుండా, ఇంకెవరిదో అయి, మనం అందులో పనిచేస్తుంటే దీనికి ఎంత ఖర్చవుతుంది? పాత కంపెనీలో అలవాటైన లెక్కే. అమ్మకం 6 కోట్ల 40 లక్షలు, పుస్తకాల్లో లాభం 31 లక్షలు. అందులో ఇంటివాళ్లం ఐదుగురం పనిచేస్తున్నాం, ఎవరికీ జీతం లేదు. బయట ఆ పనులకి ఇచ్చే జీతాలు వేస్తే నెలకి 2 లక్షలు, ఏడాదికి 24. కొట్టు, పైన గోడౌన్ తాతగారి సొంత భవనం, అద్దె లేదు. పక్క కొట్ల అద్దె చూసి నెలకి 90 వేలు వేశాను, ఏడాదికి 10.8 లక్షలు. సరుకులోనూ అరువులోనూ ఇరుక్కున్న మా సొంత డబ్బు కోటీ పది లక్షలు, దానికి 8 శాతం వడ్డీ వేస్తే 8.8. మొత్తం 43.6 లక్షలు. 31 లోంచి తీసేస్తే 12.6 లక్షల నష్టం.

మూడుసార్లు కూడాను. అదే వచ్చింది. మేం లాభం అనుకుని పంచుకుతింటున్నది వ్యాపారం సంపాదించినది కాదు, తాతగారి భవనం అద్దె, మా కష్టం. అంతకంటే నన్ను భయపెట్టింది ఇంకో అంకె. మూడిళ్లూ కలిసి ఆ ఏడాది తీసుకున్నది 39 లక్షలు. అంటే ఆ 31 కూడా చాలక, పెట్టుబడిలోంచి 8 లక్షలు తినేశాం.

చెప్పకుండా కూర్చున్న ఆ ఐదు నెలల్లో ఇలాంటి విషయాల మీద దొరికింది చదివాను. అమెరికా పెద్ద కంపెనీల మీద 2006లో వచ్చిన ఒక పరిశోధన, స్థాపించినవాడు పైన ఉన్నంతవరకు కుటుంబ సంస్థల విలువ మిగతావాటికన్నా ఎక్కువ, వారసుడు సీఈఓ అయితే తక్కువ అని తేల్చింది. డెన్మార్క్‌లో ఇంకో చిత్రమైన పద్ధతిలో చూశారు. మొదటి బిడ్డ మగపిల్లాడైతే కుర్చీ ఇంట్లోనే ఉండే అవకాశం ఎక్కువ కదా, ఆ తేడాని పట్టుకుని లెక్క వేస్తే, కుర్చీ ఇంట్లోవాళ్లకి ఇచ్చిన కంపెనీల్లో ఆస్తుల మీద వచ్చే రాబడి కనీసం 4 శాతం పాయింట్లు పడిపోయింది. జపాన్‌లో మాత్రం వ్యాపారం నడపగల అల్లుణ్ని దత్తత తీసుకుని ఇంటిపేరు ఇచ్చి కూర్చోబెట్టే ఆచారం ఉంది, అచ్చం మన ఇల్లరికమే, అలాంటి కంపెనీలు సొంత కొడుకులు నడిపినవాటికన్నా బాగా నడిచాయట. నన్ను ఎక్కువ పట్టుకున్నది మాత్రం ముంబై దగ్గరి బట్టల మిల్లుల మీద ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్, ఆయన తోటివాళ్లు చేసిన పని. సరుకు సర్దడం, లెక్క రాయడం, మెషీన్ల మరమ్మతు లాంటి మామూలు పద్ధతులు నేర్పితే మొదటి ఏడాదే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. అయినా ఆ మిల్లు ఎంత పెద్దదవుతుందన్నది ఇంట్లో ఎంతమంది మగవాళ్లున్నారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉందట. పరాయివాడు దోచేస్తాడన్న భయంతో, కూర్చోబెట్టడానికి ఇంకో తమ్ముడో కొడుకో లేకపోతే ఇంకో మిల్లు పెట్టరు. అది చదివి కొట్టులో తలెత్తి చూశాను. గల్లా దగ్గర పెదనాన్న, ఫోన్లో నాన్న, వేలూరు బస్సులో బాబాయి. మా కొట్టు ముగ్గురు అన్నదమ్ములంత ఉంది. 1990 నుంచీ అంతే ఉంది.

అక్టోబరులో, ఆయుధ పూజ అయిన తర్వాత ఆదివారం, అందరికీ కాగితం చూపించాను. నాన్నకి ముందురోజు రాత్రి చెప్తే ‘అన్నయ్య ముందు ఇది పెట్టకు’ అన్నారు. పెట్టాను. ఎవరు ఎంత తీసుకున్నారన్న వరస తీసేశాను, కానీ పెద్దమ్మ చూపు దానికోసమే వెతికింది. పెదనాన్న వైపు 17 లక్షలు, మావి, బాబాయివి పదకొండేసి. అక్కడ పెదనాన్న కొడుకు, మా అన్నయ్య కాపురం కూడా ఉంది కాబట్టి అది అన్యాయం కాదు, ఆ మాట నేను ముందే రాసి ఉండాల్సింది. పెద్దమ్మ కాగితం నా చేతికిచ్చి ఒక మాట అంది. ‘బియ్యం గింజల లెక్క రాశావు కదమ్మా, వండిన చేతుల లెక్క రాయలేదే?’

నిజమే. ముప్పై ఏళ్లుగా కొట్టులో తొమ్మిది మంది పనివాళ్లకి మధ్యాహ్నం భోజనం పెద్దమ్మ వంటింట్లోంచే క్యారియర్లలో వెళ్తోంది. మనిషికి 50 రూపాయలేసుకున్నా ఏడాదికి లక్షా 35 వేలు. ఐదుగురికి జీతం వేశాను, ఆరో మనిషి నాకు కనపడలేదు. ఆ రాత్రే ఆ వరస కలిపాను, నష్టం 14 లక్షల దగ్గరకి వచ్చింది. తర్వాత మూడు నెలలు ఎవరూ ఆ కాగితం ఊసెత్తలేదు. అన్నయ్య నాతో కొట్టులో సరుకు గురించి తప్ప మాట్లాడలేదు.

2023 జనవరిలో బాబాయికి గుండెలో స్టెంట్ వేశారు. ఆస్పత్రి వరండాలో మా సీఏగారు వచ్చి కూర్చుని, పరామర్శ అయ్యాక, మెల్లగా నాన్నని అడిగారు: ‘మీ పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో ఎవరికైనా ఏమన్నా అయితే ఏం చేయాలో రాసుకున్నారా?’ లేదు. 1932 భాగస్వామ్య చట్టంలో 42వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, ఒక భాగస్తుడు చనిపోగానే ఫర్మ్ రద్దవుతుంది. అంటే తాతగారు పోయిన రోజునే మా పాత ఫర్మ్ అయిపోయింది, మేం అదే పేరుతో అలవాటుగా నడుపుకుంటూ వచ్చాం. ఇంకో విషయం కూడా అప్పుడే బయటపడింది. వేలూరు పార్టీ ఒకరు 6.8 లక్షలు ఎగ్గొడుతున్నారు, దావా వేద్దామంటే లాయరుగారు మీ ఫర్మ్ రిజిస్టర్ కాలేదు, 69వ సెక్షన్ కింద రిజిస్టర్ కాని ఫర్మ్ అరువు వసూలుకి కోర్టుకి వెళ్లలేదు అన్నారు. యాభై తొమ్మిదేళ్ల కొట్టు! పన్నులకీ జీఎస్టీకీ అన్ని రిజిస్ట్రేషన్లూ ఉన్నాయి, అన్నదమ్ముల మధ్య ఉండాల్సిన కాగితం మాత్రం లేదు. అన్నదమ్ములకి కాగితం ఎందుకు అనుకున్నారు.

ఆస్పత్రి నుంచి వచ్చాక బాబాయే అన్నాడు, ‘అమ్మాయి కాగితం మళ్లీ తీయండి’ అని.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎనిమిది ఆదివారాలు కూర్చున్నాం. పెద్దిల్లు పెదనాన్నది, ఎప్పుడూ అక్కడే కలుస్తాం, కానీ ఈసారి బాబాయి ఇంట్లో పెట్టాం. ఆయన ఆరోగ్యం అని చెప్పాం గానీ, పెదనాన్న ఇంట్లో ఆయన మాటకి ఎదురు చెప్పడం ఎవరికీ చేతకాదు, అదీ కారణం. తాతగారి స్నేహితుడు, రిటైరైన బ్యాంకు మేనేజరుగారు ఒకాయన్ని పెద్దమనిషిగా కూర్చోమన్నాం. ఆయన పెట్టిన నియమం ఒకటే: ఎవరు మాట్లాడినా ముందు ‘కొట్టు తరఫున’ అనో ‘ఇంటి తరఫున’ అనో చెప్పి మాట్లాడాలి. మొదటి రెండు వారాలు ఇబ్బందిగా ఉంది. మూడో వారానికి దాని విలువ తెలిసింది. పెదనాన్న ఒకసారి ‘కొట్టు తరఫున’ అని మొదలుపెట్టి, మధ్యలో ఆగి, ‘కాదు, ఇది ఇంటి తరఫున’ అన్నారు. అలా ఆయన ఆగడం నేను ఎప్పుడూ చూడలేదు.

జీతాల దగ్గర రెండు ఆదివారాలు పోయాయి. పెద్దవాడికి పెద్ద జీతం ఉండాలని పెదనాన్న పట్టు. ఆయనకి 66 ఏళ్లు, పదకొండింటికి వచ్చి నాలుగింటికి వెళ్తారు. నాన్న పొద్దున ఎనిమిదింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా. నాన్న ఒక్క మాట అనలేదు, అనరు కూడా. సీఏగారు విడమరిచి చెప్పారు: చేసిన పనికి జీతం వేరు, పెట్టిన డబ్బుకి వడ్డీ వేరు, వాటాకి లాభం వేరు, భవనానికి అద్దె వేరు. ఈ నాలుగూ ఒకే చేత్తో తీసుకుంటుంటే అన్నీ ఒకటే అనిపిస్తాయి. చట్టం కూడా, ఒప్పందం లేకపోతే, భాగస్తుడికి జీతం లేదు, లాభం సమానం అంటుంది. డీడ్‌లో రాసుకుంటేనే ఇన్‌కమ్ ట్యాక్స్‌లో జీతం, వడ్డీ ఖర్చు కింద ఒప్పుకుంటారు, వడ్డీ 12 శాతం మించకూడదు, జీతం పనిచేసే భాగస్తులకే, దానికీ లాభాన్ని బట్టి పరిమితి ఉంది. చివరికి నాన్నకి 50 వేలు, పెదనాన్నకి 30, తగ్గించుకుని తిరిగే బాబాయికి 30, అన్నయ్యకీ నాకూ 35, పెద్దమ్మకి వంట కింద 12. లాభం ముగ్గురన్నదమ్ములకీ సమానం. ఆయుధ పూజలో మొదటి కొబ్బరికాయ ఎప్పటిలాగే పెదనాన్నది. ఆ చివరి మాట బ్యాంకు మేనేజరుగారు డీడ్‌తో పాటు రాసుకున్న ఇంటి ఒప్పందంలో నిజంగానే రాయించారు. పెదనాన్న ఆ వాక్యం రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టారు.

అన్నయ్య ప్రెస్ సంగతి నాకు ఇప్పటికీ బాధ. 2018లో కొట్టు డబ్బు 38 లక్షలు పెట్టి రాయపేటలో కార్డుల డిజిటల్ ప్రింటింగ్ పెట్టాడు. నష్టంలో ఉందని అందరికీ తెలుసు, పెద్దకొడుకు కాబట్టి ఎవరూ నోరెత్తరు, వెనకాల మాత్రం అనుకుంటారు. నేనూ అనుకున్నాను. లెక్క విడదీస్తే తేలింది వేరు. మన కొట్టు కార్డులన్నీ అతనికే ఇచ్చి, బయట ఆరు రూపాయలు పడే పనికి నాలుగున్నర ఇస్తున్నాం. అదీ ఐదేసి నెలలకి. ఏడాదికి రెండు లక్షల కార్డులు. అతని నాలుగు లక్షల నష్టంలో మూడు లక్షలు కొట్టు లాభంగా మారి మా చీటీల్లో కనపడుతున్నాయి. అప్పటిదాకా అతను ఆ మాట ఎందుకు చెప్పలేదని బ్యాంకు మేనేజరుగారు అడిగితే, ‘మా కొట్టుని నేను రేటు ఎలా అడుగుతాను సార్’ అన్నాడు. తర్వాత లేచి బాల్కనీలోకి వెళ్లాడు. నాన్న వెనకే వెళ్లారు. ఐదేళ్లుగా మేం అతన్ని అడగకపోవడం మర్యాద అనుకున్నాం, ఆ మర్యాద వల్ల అతనికి సాయం చేయాల్సిన చోట కూడా ఎవరం చేయలేదు.

ఆరో ఆదివారం బావగారి బాకీ వచ్చింది. పెదనాన్న అల్లుడికి తిరుపతిలో స్టేషనరీ షాపు, మన దగ్గరే సరుకు, 11 లక్షలు రావాలి, మూడేళ్లుగా కదలడం లేదు. ఆ వరస చదవాల్సింది నేను. అక్క కాపురం సంగతి. గొంతు రాలేదు, కాగితం బాబాయికి ఇచ్చాను. బాబాయి కూడా చదవలేదు, చేతిలో పట్టుకున్నాడు. పెదనాన్నే చెయ్యి చాపి తీసుకుని చూశారు. చాలాసేపు మాట్లాడలేదు. ‘ఇంటి తరఫున చెప్తున్నా’ అన్నారు. ‘ఇది నా కూతురింటికి నేను ఇచ్చుకున్నది. కొట్టు ఇచ్చింది కాదు. నా ఖాతాలో రాయి.’ ఆయన పెట్టుబడిలోంచి 11 లక్షలు ఆ రోజే తగ్గించి రాశాం. పెద్దమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింది, ఏమీ అనలేదు. కొత్తగా అరువు ఇచ్చేటప్పుడు చుట్టమైనా 45 రోజులే అన్న నియమం ఆ తర్వాత ఐదు నిమిషాల్లో ఒప్పుకున్నారు. అప్పటిదాకా ఐదు గంటలు మాట్లాడినా ఒప్పుకునేవాళ్లు కాదు.

నన్ను భాగస్తురాలిగా తీసుకోవడం దగ్గర మళ్లీ కష్టం వచ్చింది. నాన్నకి మేమిద్దరం ఆడపిల్లలమే. ‘అమ్మాయి రేపు అల్లుడుగారికి ట్రాన్స్‌ఫర్ అయితే వెళ్లిపోతుంది కదా’ అని పెదనాన్న, ద్వేషంతో కాదు, ఆయన చూసిన లోకం అది. బాబాయి అపోలో సంగతి ఎత్తాడు, చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన ప్రతాప్ రెడ్డిగారు 1983లో ఇదే ఊళ్లో ఆస్పత్రి పెట్టి నలుగురు కూతుళ్లతోనే నడిపించలేదా అని. నాకు మాత్రం ఇదే ఊళ్లోని పెద్ద వ్యాపార కుటుంబం మురుగప్పవాళ్లు గుర్తొచ్చారు. 2017లో తండ్రి పోయాక కూతురు వల్లీ అరుణాచలం హోల్డింగ్ కంపెనీ బోర్డులో చోటు అడిగితే, 2020లో వాటాదారుల ఓటులో ఓడిపోయారు. 2023 ఆగస్టులో గానీ కుటుంబం రాజీకి రాలేదు, మేం కూర్చున్నప్పటికి అది ఇంకా నడుస్తూనే ఉంది. ఆ కథ చెప్పి, నన్ను ఇప్పుడే కాగితం మీద కాదనండి, తర్వాత కోర్టులో కాదనడం కన్నా నయం అన్నాను. గట్టిగానే అన్నాను. నాన్న వాటాలోంచి పది శాతంతో నన్ను చేర్చారు.

వచ్చే తరానికి ఒక నియమం పెట్టాం: కొట్టులోకి రావాలంటే ముందు రెండేళ్లు బయట జీతానికి పనిచేయాలి. బాబాయి కొడుకు ఆ అవసరమే లేకుండా పుణె వెళ్లిపోయాడు, కొట్టు వద్దన్నాడు, బాబాయి ఒక వారం అన్నం సరిగా తినలేదు.

2023 ఏప్రిల్ 1న కొత్త డీడ్. ఫర్మ్ రిజిస్టర్ చేయించాం. ఒకరు పోయినా ఫర్మ్ ఆగదని, వెళ్లేవాళ్ల వాటా ఎలా లెక్కకట్టాలో, ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలో రాసుకున్నాం. రాసుకోకపోతే 37వ సెక్షన్ కింద, లెక్క తేలేదాకా, వెళ్లినవాళ్లు లాభంలో వాటా గానీ ఆరు శాతం వడ్డీ గానీ అడగొచ్చు, అది ఏళ్ల తరబడి సాగుతుంది. ప్రతి నెలా 5న అందరికీ బ్యాంకులో జీతం. 2025 ఏప్రిల్ నుంచి భాగస్తుల జీతం, వడ్డీ కలిపి ఏడాదికి 20 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ (ఇచ్చే ముందే పట్టుకునే పన్ను) కూడా కోయాలి, ఇలాంటి డీడ్ ఉన్నవాళ్లు అది చూసుకోండి.

వసూళ్లకి మొదటిసారి బయటి మనిషిని పెట్టాం, తిండివనం వైపు కుర్రాడు. మొదటి నాలుగు నెలలూ పార్టీలు ‘మొదలాళి వస్తేనే ఇస్తాం’ అన్నారు, అంటే యజమానే రావాలని. బాబాయి ప్రతిచోటికీ ఒకసారి అతన్ని వెంటబెట్టుకుని వెళ్లి పరిచయం చేశాడు, ఇంటి పేరు మీద ఉన్న నమ్మకం ఇంటివాడు కానివాడికి అప్పజెప్పడానికి వేరే దారి లేదు. ఇప్పుడు బాబాయి నెలకి ఒకసారే వెళ్తాడు. అన్ని జీతాలూ, అద్దె, వడ్డీ, ప్రెస్‌కి సరైన రేటు తీసేశాక 2023-24లో 3 లక్షల నష్టం, 2024-25లో 4.6 లక్షల లాభం. పాత 31 లక్షల పక్కన ఇది చిన్న అంకె. నాకు మాత్రం ఈ 4.6 ఎక్కువ విలువైనది.

పోయినవీ ఉన్నాయి. తిరుపతి అక్క ఆ ఏడాది సంక్రాంతికి రాలేదు. వదిన నాతో మాట్లాడుతుంది గానీ ముందులా నా దగ్గర కూర్చోదు. గల్లా దగ్గర పిల్లలు వచ్చి ‘తాతయ్యా, ఐస్‌క్రీమ్‌కి’ అని చెయ్యి చాపితే పెదనాన్న ఇప్పుడు జేబులోంచి తీసి ఇస్తారు. అది చూసినప్పుడల్లా నాకు కష్టంగానే ఉంటుంది.

ఇంకా అయిపోని పని ఒకటి ఉంది, దాన్ని నేనే మొదలుపెట్టాను. అద్దె అని పుస్తకంలో రాయగానే, ఎవరికి అద్దె అని సీఏగారు అడిగారు. భవనం తాతగారి స్వార్జితం, ఆయన వీలునామా రాయలేదు. నానమ్మ 2013లో పోయింది. కూతుళ్ల హక్కు అనగానే అందరూ 2005 సవరణ అంటారు గానీ, అది పూర్వీకుల ఉమ్మడి ఆస్తి సంగతి. తండ్రి స్వార్జితంలో వీలునామా లేకపోతే కూతుళ్లకి కొడుకులతో సమానంగా వాటా 1956 హిందూ వారసత్వ చట్టం నుంచే ఉంది. అంటే ఆ 10.8 లక్షల అద్దె ముగ్గురిది కాదు, ఐదుగురిది, మనిషికి 2 లక్షల 16 వేలు. నెల్లూరులో పెద్దత్త, బెంగళూరులో చిన్నత్త. పదహారేళ్లుగా వాళ్ల భవనంలో కూడా మేం అద్దె లేకుండా వ్యాపారం చేస్తున్నాం, ఆ మాట వాళ్లూ అనలేదు, మేమూ అనుకోలేదు.

పోయిన నెల నాన్న, పెదనాన్న, బాబాయి ముగ్గురూ ఒక ఫోన్ చుట్టూ కూర్చుని ఇద్దరికీ చెప్పారు. పెద్దత్త ‘నాకేం వద్దురా, మీరు చల్లగా ఉంటే చాలు’ అంది. చిన్నత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘కాగితాలు అమ్మాయితో పంపించండి, చూస్తాను’ అంది.

పంపాను.